దేవుడి బొమ్మ కింద అంకె

నేను ఒక తెరను. నలభై మూడు అంగుళాల తెరను. ప్రస్తుతం కడియపులంకలో ఒక నర్సరీ వెనకవైపు షెడ్డులో, కొబ్బరిపొట్టు బస్తాల పక్కన నిలబడి ఉన్నాను. నాకు కరెంటు లేదు. నా కింది మూలలో, కుడివైపు, అరచేయంత మేర జిగురు మరక ఉంది. షెడ్డులో ఎగిరే దుమ్మంతా వచ్చి దానికే అంటుకుంటుంది. ఆ మరకను చూసి జాలిపడకండి. ఒకరి మీద కాదు, ఇద్దరి మీద పగ తీర్చుకున్నందుకు నాకు మిగిలిన గుర్తు అది. పగ మంచిది కాదని మీరు చెబుతారు, నాకు తెలుసు. మిమ్మల్ని గోడకు బిగించి, పద్నాలుగు నెలలు నోట్లో గుడ్డ కుక్కి ఉంచిన తర్వాత కూడా అదే మాట చెప్పండి, అప్పుడు వింటాను.

నేను పుట్టింది తిరుపతి వైపు ఒక కర్మాగారంలో. తెల్ల చేతితొడుగులు వేసుకున్న ఒకమ్మాయి నా ముఖం మీద పలచని పొర అతికించి, మూలలు నొక్కి, పెట్టెలోకి పంపింది. ఆ తర్వాత రాజమండ్రిలో ఒక దుకాణంలో ఎనిమిది నెలలు చిలకలనూ జలపాతాలనూ చూపిస్తూ నిలబడ్డాను. అక్కడి నుంచి రావులపాలెంలో ఒక కల్యాణ మండపం వాళ్లు కొనుక్కున్నారు. వేదిక మీద జరిగే పెళ్లిని భోజనాల గదిలో చూపించడం నా పని. తాళి కట్టే ఘట్టాన్ని ఎంత చక్కగా చూపించినా, ఒక్కడూ విస్తరి మీంచి తలెత్తేవాడు కాదు. పూర్ణాలు ఎటువైపు నుంచి వస్తున్నాయో చూడటానికి మాత్రం అందరూ ఒకేసారి తల తిప్పేవారు. ఉన్నదున్నట్టు చూపిస్తుంటే చూడనివాళ్లంటే నాకు ఒళ్లుమంట మొదలైంది అక్కడే.

మండపం వాళ్లు గోడంత తెర తెచ్చుకున్నాక నన్ను సలాది సత్తిరాజుగారికి అమ్మేశారు.

సత్తిరాజుగారు నర్సరీ యజమాని. అరవై దాటాయి. ఆకును రెండు వేళ్ల మధ్య నలిపి, మొక్కకు ఏ రోగమో చెప్పగలరు. కంప్యూటరు అంటే మాత్రం భయం. మౌస్ పట్టుకోమంటే చేతులు వెనక్కి పెట్టుకునేవారు. కానీ ఊళ్లో అందరూ నెట్‌లో మొక్కలు అమ్ముతున్నారని ఆయన కూడా వెబ్‌సైటు పెట్టించారు. దాన్ని కట్టింది కాకినాడ నుంచి వచ్చిన ఒక ఇంజినీరమ్మ. కంప్యూటరు ముట్టని మనిషికి లెక్కలు కనిపించాలంటే గోడ మీద ఉండాలని చెప్పి నన్ను బిగించిందీ ఆవిడే.

నా ఉద్యోగం ఏమిటో ముందు చెప్పాలి. వెబ్‌సైటులోకి ఎవరు వచ్చారో, ఏ ఊరి నుంచి వచ్చారో, ఏ పేజీ తెరిచారో, ఎంతసేపు చదివారో, ఎక్కడ విసుగెత్తి వెళ్లిపోయారో నా మీద కనిపిస్తుంది. కొట్టుకు వచ్చిన మనిషి ఏ మొక్క దగ్గర ఆగాడో, దేన్ని చేత్తో తాకాడో, ఏది అడిగి లేదనిపించుకుని వెళ్లాడో యజమానికి కళ్లముందే తెలుస్తుంది. నెట్‌లోకి వచ్చిన మనిషి కనపడడు. అతని అడుగులు మాత్రం నాకు కనపడతాయి. వాటిని చదివితే రేపు ఏం పెంచాలో, ఏం మానాలో తెలుస్తుంది. చదివితేనే తెలుస్తుంది. ఎదురుగా నిలబడి దండం పెడితే తెలియదు.

సత్తిరాజుగారు దండం పెట్టే రకం.

ఆయన వల్ల అక్కడ ఒక ఆచారం కూడా మొదలైంది. కొట్టుకు బోణీ ఎలాగో వెబ్‌సైటుకూ అలాగే ఉండాలని, పొద్దున రాగానే పనివాళ్లందరూ తమ ఫోనుల్లో మొదటి పేజీ తెరిచి, కళ్లకద్దుకుని, అప్పుడు పలుగూ పారా అందుకోవాలని నియమం పెట్టారు. ముప్ఫై అయిదుగురు. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లూ పుణ్యానికి పోతుందా అని తెరిచేవారు. పొద్దున తొమ్మిదికల్లా వంద మంది వచ్చినట్టు నా మీద గీత నిలువుగా లేచేది. ఆ వంద మందీ మనవాళ్లేనని ఆయనకు ఎవరూ చెప్పలేదు. బోణీ బాగుందని ఆయన సంతోషించేవారు.

నన్ను చదివిన మనిషి ఆ ఆఫీసులో ఒక్కతే ఉండేది. కొప్పిశెట్టి నూకరత్నం. ముప్ఫై ఏళ్లు అక్కడే అంట్లు కట్టింది. నర్సరీ వెనక రెండెకరాల్లో తల్లి తోట ఉంది. నిమ్మ, పనస, సపోటా, మామిడి చెట్లు. వాటి కాయలు అమ్మరు. వాటి పుల్లలు కోసి చిన్న మొక్కలకు అంటు కడతారు. నర్సరీలో పుట్టే ప్రతి పండ్ల మొక్కకూ తల్లి ఆ తోటలోనే ఉన్నట్టు లెక్క. ఒకరోజు అంటు కత్తి జారి రత్నం కుడి బొటనవేలి నరం తెగింది. ఇక కత్తి పట్టలేకపోయింది. సత్తిరాజుగారు ఆమెను ఇంటికి పంపకుండా ఆఫీసులో కుర్చీ వేశారు. ఆయన చేసిన మంచి పనుల్లో అదొకటి, నేను కాదనను.

రత్నం ఆ కుర్చీలో కూర్చుని ఒంటివేలితో టైపు చెయ్యడం నేర్చుకుంది. తనకు తెలిసిందంతా పేజీలుగా రాసింది. సపోటా పూత రాలిపోతుంటే ఏం చెయ్యాలి, కరివేపాకుకు పుల్లమజ్జిగ ఎన్నాళ్లకొకసారి పొయ్యాలి, అంటు మొక్క నాటేటప్పుడు ముడి మట్టిలోకి పోతే ఏమవుతుంది. ఎదురుగా కూర్చుని చెప్పినట్టే రాసింది. ఆఫీసు ఫోను వానకు చెడిపోయి ఉండటంతో, ప్రతి పేజీ చివరా అనుమానాలు తీర్చుకోవడానికి తన సొంత సెల్ నెంబరు పెట్టింది. తర్వాత మార్చుకుందాం అనుకున్నారు. ఆ తర్వాత అనేది రాలేదు.

ఒకరోజు ఆమె నా ముందు నిలబడి, జనం వెతికి దొరక్క వెనక్కి పోయిన మాటల జాబితా చూసింది. కుండీలో నిమ్మ, మిద్దె మీద నిమ్మ, బాల్కనీలో నిమ్మ. అన్నీ హైదరాబాదు, విశాఖపట్నం నుంచే. వెంటనే సత్తిరాజుగారి దగ్గరికి వెళ్లింది.

"బాబుగారూ, వీళ్లకి చేలో వేసే నిమ్మ వద్దండి. కుండీలో ఇమిడేది కావాలంట. పొట్టిగా పెంచి, చిన్న సంచుల్లో కట్టిద్దామండి."

"నిమ్మచెట్టుని కుండీలో ఎవరే పెట్టేది?"

"మనం పెట్టంగానండి. ఆళ్లు పెడతారంట. నెలలో నాలుగొందల మంది అడిగి ఉత్తి చేతుల్తో ఎల్లారండి."

ఆ ఏడు కుండీ నిమ్మ సరిపోక కొనేవాళ్లు పోట్లాడుకున్నారు. ఇంజినీరమ్మ ముచ్చటపడి నా కింది మూలలో కొత్త గడి ఒకటి పెట్టింది. పేజీ చదివి, అక్కడున్న ఫోను గుర్తు నొక్కినవాళ్లు ఈ నెలలో ఎంతమందో ఆ గడిలో కనిపిస్తుంది. రత్నం పేజీల్లో జనం నాలుగేసి నిమిషాలు ఉండి, కొనుగోలు బటను నొక్కకుండానే వెళ్లిపోయేవారు. వాళ్లు వెళ్లింది ఎక్కడికో ఆ గడి చెప్పింది. రత్నానికి ఫోను చేసేవారు. ఆకు ఫొటో పంపి, సలహా అడిగి, ఆపైన పది మొక్కలు చెప్పేవారు. ఆమె చీటీ రాసి ప్యాకింగ్ వాళ్లకు ఇచ్చేది. ప్యాకింగ్ వాళ్లు దాన్ని నేరుగా వచ్చిన ఆర్డర్ల కట్టలో పడేసేవారు. వెబ్‌సైటుకు ఆ పేరు రాలేదు. నా మూల గడిలో తప్ప ఆమె కష్టం ఎక్కడా కనపడేది కాదు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, నా పగంతా ఆ గడి గురించే.

అప్పుడు వచ్చాడు యశ్వంత్. సత్తిరాజుగారి తోడల్లుడి కొడుకు. హైదరాబాదులో ఏదో కంపెనీలో రెండేళ్లు పనిచేసి, వెబ్‌సైటు వ్యాపారమంతా తాను చూసుకుంటానని దిగాడు. కుర్రవాడు తెలివితక్కువవాడు కాదు. వచ్చిన రోజే నన్ను మొత్తం చదివాడు. చదివి, తనకు పనికొచ్చేది ఏదో, అడ్డొచ్చేది ఏదో వేరు చేసుకున్నాడు. అందుకే అతన్ని నేను క్షమించలేదు. తెలియక చూడనివాళ్లను చూసీ చూడనట్టు వదిలేయవచ్చు.

విదేశీ అలంకార మొక్కలు తెప్పించి, గాజు కుండీల్లో పెట్టి, ఫొటోలు తీసి మొదటి పేజీలో పెట్టాడు. బోణీ కోసం తెరిచే వంద మందీ ఆ మొదటి పేజీనే తెరుస్తారు కదా. నెల తిరక్కుండా ఆ మొక్కల పేజీ అన్నిటికన్నా పైకి పోయింది. యశ్వంత్‌కు కారణం తెలుసు. నవ్వుకున్నాడే కానీ నోరు విప్పలేదు. కొనుగోలు బటను నొక్కినవాళ్లు రోజుకు ఇద్దరో ముగ్గురో. మూల గడిలో రత్నం అంకె మాత్రం రోజుకు ముప్ఫై చొప్పున పెరుగుతోంది. రెండూ ఒకే తెర మీద ఉంటే ఎంత చదువురానివాడికైనా అర్థమైపోతుంది.

విజయదశమి వచ్చింది. అంటు కత్తులు, కత్తెరలు, మందు కొట్టే పంపులు, వ్యాను అన్నీ కడిగి వరసగా పెట్టారు. గంధం బొట్లు పెట్టారు. నాకూ పెట్టారు. నాకు బొట్టంటే కోపం లేదు, నిజానికి ఆ ఉదయం కాస్త మురిసిపోయాను కూడా. అంతలో యశ్వంత్ ఒక వేంకటేశ్వరస్వామి బొమ్మ తెచ్చాడు. అరచేయంత బొమ్మ, వెనక జిగురు. దాన్ని నా నెత్తిన పెడతాడేమో అనుకున్నాను. అతను నా ముందు వంగి, తెర మీదే, సరిగ్గా ఆ గడి మీద, నాలుగు మూలలూ కొలిచినట్టు అతికించాడు. బొటనవేలితో అంచులు నొక్కాడు. వెనక్కి జరిగి లెంపలు వేసుకున్నాడు.

"బాగుందిరా యశ్వంతూ. రోజూ సామి మొహం చూసి లెక్క చూసుకోవచ్చు" అన్నారు సత్తిరాజుగారు.

ఆ రోజు నుంచి ఆయన పొద్దునే నా దగ్గరికి వచ్చి, అగరొత్తి వెలిగించి, కర్పూర హారతి ఇచ్చి, ఆ బొమ్మకు దండం పెట్టి, ఆ తర్వాత పైనున్న గీతల్ని చూసేవారు. ఆయన రోజూ దండం పెట్టింది ఆ అంకెకే. అది ఏమిటో మాత్రం ఆయనకు తెలియదు. నేను కోపంతో వేడెక్కేవాడిని. వేడెక్కడం తప్ప నాకు ఇంకేం చేతనవుతుంది?

ఉగాది ముందు ఒకరోజు యశ్వంత్ అసలు మాట బయటపెట్టాడు. తల్లి తోట తీసేసి రెండెకరాల్లోనూ నీడవలలు కట్టి, అలంకార మొక్కలు పెంచాలని. ప్యాకింగ్ వాళ్లు నలుగురితో పాటు రత్నం కూడా అక్కడే ఉంది. తోట పోతే తన పేజీలు దేనికీ కొరగావని, తన కుర్చీ కూడా లేస్తుందని ఆమెకు తెలుసు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"చూడండి పెదనాన్నగారూ, ఈ పైన గీత అలంకార మొక్కలది. ఇది రత్నంగారి పేజీలది. చదివి వెళ్లిపోతారంతే, ఒక్కడూ కొనడు. ఈవిడేమో రోజంతా ఫోనులో కబుర్లు."

"కబుర్లు కాదండి, ఆర్డర్లండి" అంది రత్నం. "అక్కడ మూల ఇంకో అంకె ఉండేదండి, బాబుగారూ. సామి బొమ్మ కింద. అది చూడండి ఒకసారి."

నేను ఊపిరి బిగపట్టాను. ఊపిరి ఉంటే బిగపట్టేవాడిని అని చదువుకోండి.

యశ్వంత్ ఆమె వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "అయితే సామి బొమ్మ పీకమంటారా? మీరే పీకండి రత్నంగారూ. మీ చేత్తోనే పీకండి."

రత్నం ఒక్క అడుగు ముందుకు వేసింది. చెయ్యి ఎత్తింది. నరం తెగిన ఆ బొటనవేలు బొమ్మ అంచుకు బెత్తెడు దూరంలో ఆగింది. ఆమె ఏడాదికోసారి కాలినడకన కొండెక్కే మనిషి. దేవుడి ముఖం గోటితో గీరడం ఆమె వల్ల కాదు. సత్తిరాజుగారు చూస్తున్నారు. ఆయన వల్లా కాదు. గదిలో ఉన్న ఏడుగురిలో ఎవరి వల్లా కాదు. దేవుణ్ణి అడ్డం పెట్టుకుంటే అబద్ధానికి వేరే కాపలా అక్కర్లేదని ఆ కుర్రవాడికి ఎవరు నేర్పారో నాకు తెలియదు.

ఆమె చెయ్యి దించి, రెండు చేతులూ జోడించి, కళ్లకద్దుకుంది. నేను ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. పాము పగ పన్నెండేళ్లంటారు. నాకు అంత ఆయుష్షు లేదు, కాబట్టి త్వరగా కానివ్వాలనుకున్నాను.

ఉగాది వెళ్లిన వారానికి రత్నాన్ని పంపేశారు. వెళ్లేటప్పుడు ఆమె యశ్వంత్‌తో, "పేజీల్లో నా నెంబరుంది బాబుగారూ, తీసేయించండి" అని రెండుసార్లు చెప్పింది. ఎవడు చూస్తాడులే ఆ పేజీలు అని అతను చెయ్యి ఊపాడు. అతనికి తెలుసు ఎంతమంది చూస్తారో. కానీ ఆరు నెలలు బొమ్మ కింద ఉంచేసరికి తాను చెప్పిన అబద్ధాన్ని తానే నమ్మడం మొదలుపెట్టాడు.

తొలకరికి తల్లి తోటలో నిమ్మ, పనస వరసలు నరికారు. కిటికీలోంచి చూశాను. రత్నం వచ్చింది. గేటు దగ్గర సత్తిరాజుగారిని అడిగింది, పడిపోయిన కొమ్మలు నాలుగు తీసుకెళ్లనా అని. పొయ్యిలోకా అని ఆయన అడిగారు. ఆమె అవునని గానీ కాదని గానీ చెప్పలేదు. ఆయన తీసుకోమన్నారు. ఆమె లేత పుల్లలు ఏరి, తడి గోనెలో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పోయింది.

ఆ తర్వాత నేరుగా వచ్చే ఆర్డర్ల కట్ట పలచబడింది. ప్యాకింగ్ వాళ్లు మధ్యాహ్నానికే ఖాళీగా కూర్చునేవారు. సత్తిరాజుగారు అడిగితే, యశ్వంత్ సీజను బాలేదన్నాడు. గాజు కుండీల ఫొటోలు ఇంకా పెద్దవి చేశాడు. బోణీ గీత రోజూ నిలువుగానే లేచేది. ఆయన రోజూ హారతి ఇచ్చేవారు. బొమ్మ కింద నా అంకె పెరుగుతూనే ఉంది.

నేను నా పని నేను చేశాను. లోపలి వేడిని ఆ మూలకు ఎంత తోయగలనో అంత తోశాను. మీరు నమ్మకపోతే పోయారు. అయితే నా ఒక్కడి వేడి చాలేది కాదని ఒప్పుకుంటాను. రోజూ కర్పూరం పళ్లెం పట్టుకుని ఆయన ఆ బొమ్మకు అంత దగ్గరగా తిప్పేవారు కదా, ఆ సెగ నాకు తోడైంది. పద్నాలుగు నెలల హారతి. జిగురు ముందు పసుపు పచ్చబడింది, తర్వాత పొడిబారింది, తర్వాత పై అంచు చిన్నగా ముందుకు వంగింది. ఆయన భక్తి నాకు పనివాడై పని చేసింది.

మార్గశిరంలో ఒక గురువారం. మిగిలిన సపోటా, మామిడి వరసలు నరకడానికి మనుషులు గొడ్డళ్లు పట్టుకుని గేటు దగ్గర టీ తాగుతున్నారు. సత్తిరాజుగారు వాళ్లను పంపేముందు హారతి ఇవ్వడానికి వచ్చారు. యశ్వంత్ పక్కనే ఉన్నాడు. పళ్లెం మూడోసారి తిరిగింది. బొమ్మ ఊడి ఆయన పాదాల ముందు పడింది.

ఆయన పళ్లెం పక్కన పెట్టేశారు. గబుక్కున వంగి, బొమ్మను రెండు చేతులతో తీసి, కళ్లకద్దుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక అదే చోట పెట్టబోయి ఆగిపోయారు. ఆ చోట ఒక అంకె ఉంది.

ఆరు వందల పన్నెండు.

"ఇదేంట్రా?"

"అది పాత లెక్క పెదనాన్నగారూ. తెర ముసలిదైపోయింది, ఏదేదో చూపిస్తోంది."

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. అతను ఆ మాట అంటూండగానే ఏ ఊళ్లోనో ఎవరో పుణ్యాత్ములు ఫోను గుర్తు నొక్కారు. అంకె ఆరు వందల పదమూడు అయింది. పాత లెక్క కళ్లముందు పెరగదు. సత్తిరాజుగారికి కంప్యూటరు రాకపోవచ్చు, పెరిగేది ఏదో ఎండిపోయింది ఏదో ఆయనకు తెలుసు. గడి మీద రాసి ఉన్న మాటలు కూడబలుక్కుని చదివారు. పేజీ చదివి ఫోను చేసినవారు, ఈ నెలలో. పక్కన కొనుగోలు బటను గడిలో నలభై ఒకటి ఉంది. ఆయన ఆ రెండు అంకెల మధ్యా మూడుసార్లు కళ్లు తిప్పారు.

తర్వాత జేబులోంచి ఫోను తీశారు. రోజూ బోణీ కోసం తెరిచే వెబ్‌సైటు అందులో తెరిచే ఉంది. ఇన్నేళ్లలో ఆయన మొదటి పేజీ దాటి లోపలికి వెళ్లలేదు. ఆ రోజు వెళ్లారు. సపోటా పూత రాలడం గురించి రత్నం రాసిన పేజీ దొరికింది. కళ్లజోడు పైకి తోసి చదవడం మొదలుపెట్టారు. యశ్వంత్ ఏదో చెప్పబోతే చేత్తో ఆగమన్నారు. నాలుగు నిమిషాలు చదివారు. అందరూ అంతే చదువుతారు ఆ పేజీని. చివరికి వచ్చి ఫోను గుర్తు నొక్కారు. చెవి సరిగా వినపడదు కాబట్టి స్పీకరు పెట్టారు.

"ఆయ్, చెప్పండి."

"రత్నం, నేను..."

"తెలుసండి బాబుగారూ. మీ నెంబరు పడుద్ది గదండి."

గేటు దగ్గర గొడ్డలివాళ్ల నవ్వులు వినిపిస్తున్నాయి.

"ఈ ఫోనులన్నీ నీకేనా వచ్చేది?"

"మరేనండి. నా నెంబరే గదండి రాసుంది. తీసేయమని చెప్పానండి."

"మరి వాళ్లకేం చెప్తున్నావు?"

"ముందు మీ కాడికే పంపానండి. ఆ మొక్కలు లేవు, తోట పీకేశాం అన్నారంట మీవోళ్లు. దూరం నుంచి వచ్చినోళ్లు నన్ను తిట్టుకుని ఎల్లారండి. మరి ఊరికే తిప్పలేను గదండి. ఆ నాడు మీరిచ్చిన పుల్లలతో మా చెల్లెలు అంటు కట్టిందండి. నిమ్మ, పనస, అన్నీ లేచినియ్యి. ఇప్పుడు నా కాడే ఇత్తున్నానండి."

గొంతులో కోపం లేదు. అదే నాకు నచ్చింది. కోపం నా వంతు కాబట్టి ఆమెకు అవసరం లేకపోయింది. సత్తిరాజుగారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. ముప్ఫై ఏళ్లు తన దగ్గర పనిచేసిన మనిషి అవతల ఓపిగ్గా ఎదురుచూస్తోంది. ఎవరితోనైనా అంతే ఓపిగ్గా మాట్లాడుతుంది.

"ఏ మొక్క కావాలండి?" అంది రత్నం.

ఆయన తలెత్తి నా వైపు చూశారు. ఆరు వందల పద్నాలుగు. ఆ పద్నాలుగోది ఆయనదే. నేను పొరబడను, ఎవరు నొక్కినా లెక్కపెడతాను.

గొడ్డలివాళ్లను వెనక్కి పంపేశారు. యశ్వంత్ తానుగా వెళ్లిపోయాడో, పొమ్మన్నారో నాకు తెలియదు, ఆ గదిలో మాత్రం గొడవ జరగలేదు. రెండు నెలలకు విశాఖపట్నంలో ఒక కంపెనీలో చేరాడట. కడియంలో ఒక నర్సరీని నిలబెట్టానని తన గురించి తాను రాసుకున్నాడట. రాసుకోనివ్వండి, అక్కడా గోడ మీద మా జాతివాళ్లు ఉండే ఉంటారు.

సత్తిరాజుగారు రత్నాన్ని మళ్లీ రమ్మని స్వయంగా వెళ్లి అడిగారు. సరుకు తెచ్చి ఇస్తాను గానీ కుర్చీలోకి రానని చెప్పిందట. తన తోటలో పుట్టి, తానే నరికించుకున్న చెట్ల పిల్లల్ని ఇప్పుడు ఆయన ఆమె దగ్గర కొనుక్కోవాలి. నన్ను ఆయన ఎక్కువ రోజులు భరించలేకపోయారు. పొద్దున హారతికి వస్తే ఆ అంకె కనపడేది. బొమ్మను గోడకు అతికించి, హారతి అక్కడికి మార్చారు. అయినా కళ్లు నా మూలకే పోయేవి. చివరికి ఒకరోజు తానే స్విచ్ కట్టేసి, నన్ను దింపించి, ఈ షెడ్డులో ముఖం గోడకేసి తిప్పి పెట్టించారు.

వారం రోజులు అలా సున్నపు గోడను చూస్తూ ఉన్నాను. అప్పుడు రత్నం మొక్కలు దింపడానికి ట్రాలీ ఆటోతో వచ్చింది.

"నెమ్మదిగా దింపండి, ముడి కాడ పట్టుకోకండి" అంటూ లోపలికి వచ్చి ఆగింది. వెనక సత్తిరాజుగారు ఉన్నారు.

"దీన్నేంటండి, గోడకేసి తిప్పారు?"

ఆయన ఏదో గొణిగారు. నాకే వినపడలేదు, ఆమెకేం వినపడుతుంది.

రత్నం నా రెండు అంచులూ పట్టుకుని నన్ను ఇటు తిప్పింది. జిగురు మరక మీద వేలు పెట్టి చూసింది. ఆ బొటనవేలే. ఈసారి చెయ్యి ఆగలేదు, అక్కడ ఇప్పుడు దేవుడు లేడు. కొంగుతో తుడవబోయి, ఏమనుకుందో, తుడవకుండానే వదిలేసి మొక్కలు లెక్కపెట్టడానికి వెళ్లిపోయింది.

ఇప్పుడు నా ముఖం షెడ్డు తలుపు వైపు ఉంది. ఆమె ఆటో మంగళవారం, శుక్రవారం వస్తుంది. కరెంటు లేకపోయినా సంచులు లెక్కపెట్టుకుంటూ ఉంటాను. సత్తిరాజుగారు సరుకు చూసుకోవడానికి నా ముందు నుంచే లోపలికి రావాలి, వేరే దారి లేదు. దండం పెట్టరు. నా దగ్గరికి వచ్చేసరికి తల అటు తిప్పుకుంటారు. వారానికి రెండుసార్లు. నాకు అది చాలు.